మీ ఏడుగురి ఆఫీసు, మా వేలమంది ఆఫీసు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, చేరనా వద్దా అని అడిగావు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని, ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నాన్న సంగతి. పోయిన దసరా ముందు గుండెనొప్పి వస్తే గుంటూరులో చేర్చాం. రెండు స్టెంట్లు వెయ్యాలన్నారు. ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర ఫోన్లో మా కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు చూపించాను. ఆ అమ్మాయి నెంబరు కొట్టి, "పేరెంట్స్ కవర్ ఉంది సార్, క్యాష్‌లెస్ పెడతాం" అంది. సాయంత్రానికి అప్రూవల్ వచ్చింది. వార్డు బయట అమ్మ అప్పటికే గాజులు తీసి కొంగున ముడేసుకుని కూర్చుంది. అవసరం లేదమ్మా అని చెప్పి, నేనే మళ్లీ తొడిగాను. ఆ ప్రీమియం నా జీతంలోంచే కోస్తారు, నిజమే. కానీ ఆ వయసులో బయట పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. మా గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే కవర్ అవుతాయి. మీ అమ్మకీ షుగరు ఉంది కాబట్టి ఇది ముందే చెప్తున్నా.

ఇంకోటి. మీ ఆఫీసులో ఉన్నది ఏడుగురే. పీఎఫ్ చట్టం కనీసం 20 మంది ఉన్నచోట, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేటప్పుడు ఇచ్చే డబ్బు) చట్టం కనీసం 10 మంది ఉన్నచోట వర్తిస్తాయి. మీ ఓనరు ఎంత మంచివాడైనా, పదేళ్లు చేశాక నీ వెనక ఏం మిగులుతుందో ఆలోచించు.

పని విషయానికొస్తే మాత్రం నీ మీద నాకు అసూయే రా. రైస్‌మిల్లులో కాటా మీద లారీ నిలబడి ఉండగానే తూకం స్లిప్పు ప్రోగ్రాంలో తప్పు సరిచేశానని, గుమస్తా సంతోషంతో టీ తెప్పించాడని చెప్పావు. ఇక్కడ ఒక ఫారంలో తేదీ గడి సరిచెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. రాసింది నాలుగు లైన్ల కోడు. మిగతాదంతా రివ్యూలు, అప్రూవళ్లు, టెస్టింగు, రిలీజ్ తేదీ కోసం ఎదురుచూపులు. ఆ ఫారం నింపేది అమెరికాలో ఎవరో. వాళ్లకి పని తేలికైందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ప్రాజెక్టు అయిపోయాక రెండు నెలలు బెంచి మీద ఉన్నాను. జీతం పడుతుంది, పని ఉండదు. రోజూ రాయదుర్గం మెట్రోలో దిగి, బ్యాడ్జి చూపించి లోపలికెళ్లి, హెచ్ఆర్ నుంచి పిలుపొస్తుందేమోనని టెన్షన్‌తో కూర్చోవడం నరకం.

అప్రైజల్ ఇంకో బాధ. టీములో ఇంతమందికే పెద్ద రేటింగ్ అని పైనుంచే లెక్క వస్తుంది. రిలీజుల కోసం రాత్రుళ్లు మేలుకున్న అమ్మాయికి ఈసారి తక్కువ పడింది. ఇది అన్యాయమని మేనేజరుతో గట్టిగానే వాదించాను. ఆయనా ఒప్పుకున్నాడు, కానీ ఏమీ మారలేదు. ఆ పిల్ల వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు రా.

ఇంత చెప్పినా, నా మాట మాత్రం చేరమనే. అమ్మ ఆరోగ్యం, చెల్లి పెళ్లి, రెండూ నీ మీదే ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఏ ప్రాజెక్టులో వేస్తారో అడుగు. సీటీసీ (కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి మురిసిపోకు. కంపెనీ పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ అన్నీ కలిపి చూపిస్తారు. చేతికొచ్చేది వేరు. రాజీనామా చేశాక ఇంకా పనిచెయ్యాల్సిన నోటీసు పీరియడ్ కూడా చూడు, మా దగ్గర 90 రోజులు. రేపు నువ్వు ఉద్యోగం మారాలంటే అంతవరకు ఆగే కంపెనీలు తక్కువ.

మిల్లు పని మాత్రం సగంలో వదిలేసి రాకు. వచ్చేవాడికి దగ్గరుండి నేర్పించు, ఆ గుమస్తాకి నీ నెంబరు ఇచ్చి రా.

ఆఫర్ లెటర్ అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, ఒక్కో లైనూ కలిసి చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ మామ