మార్చి బ్యాచ్ ఎందుకు ఆపాం, జూన్ నుంచి ఏం మారుస్తున్నాం

మా దగ్గర ప్రాజెక్టులు నడిపే ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసి, మధ్యమధ్య చూసుకుంటూ దారి మార్చుకోవడం), లీన్ (వృథా తగ్గించి పని ఆగకుండా సాగేలా చూడడం) పద్ధతులు నేర్చుకుని వెళ్లినవాళ్లకూ, మార్చి బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టి ఎదురుచూసినవాళ్లకూ నమస్కారం.

బ్యాచ్ మొదలవడానికి వారం ముందు పదకొండు మందికీ ఫోన్ చేసి ఈసారికి ఆపేస్తున్నామని చెప్పాను. డబ్బులు అదే రోజు తిరిగి వేసేశాను. కారణం మాత్రం అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. సీట్లు నిండలేదేమో అని కొందరు అనుకున్నారు, ఒంట్లో బాలేదా అని ఒకరిద్దరు అడిగారు. రెండూ కాదు. జనవరిలో నా కళ్లతో చూసినదాని తర్వాత, అదే రెండు రోజుల పాఠం మళ్లీ చెప్పి ఫీజు తీసుకోవడానికి మనసొప్పలేదు.

సంక్రాంతి అయ్యాక, గత రెండేళ్లలో మా దగ్గర నేర్చుకున్న మేనేజర్ల పని చోట్లకి వెళ్లడం మొదలుపెట్టాను. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు అన్నీ కలిపి 19 చోట్లు తిరిగాను. మొదట వెళ్లింది రేణిగుంట పక్కనున్న ఒక చిన్న యూనిట్‌కి. మోటార్లకు కంట్రోల్ ప్యానెళ్లు డిజైన్ చేసి, తయారుచేసి, కస్టమర్ దగ్గర బిగించి వస్తారు. మేనేజర్ గారు ఎంతో సంతోషంగా లోపలికి తీసుకెళ్లి గోడ మీది బోర్డు చూపించారు. చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని మూడు గడులు, మేం నేర్పినట్టే గీసి ఉన్నాయి. ఆయన టీ చెప్పడానికి బయటికి వెళ్లినప్పుడు చీటీలు లెక్కపెట్టాను. జరుగుతున్న గడిలో 34, అయిపోయిన గడిలో 2. టీమ్‌లో ఉన్నది తొమ్మిది మంది. కిటికీ వైపు చీటీల మీద ఇంకు ఎండకి వెలిసిపోయింది. ఒకదాని మీద తేదీ దసరా ముందుది. జిగురు ఊడిన చీటీలకు ఎవరో ఓపిగ్గా గుండుసూదులు గుచ్చారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటి మీటింగ్‌కి కూడా ఉన్నాను. 15 నిమిషాలని మేం చెప్పింది అక్కడ 40 నిమిషాలు సాగింది. మేనేజర్ గారు బోర్డు పక్కన నిలబడితే, ఒక్కొక్కరూ ఆయన వైపు తిరిగి నిన్న చేసిన పని, ఈరోజు చేయబోయే పని, అడ్డంకి ఉంటే అడ్డంకి అప్పజెప్పి పక్కకి జరిగారు. ఒకరు చెప్పింది ఇంకొకరు వినలేదు. అయ్యాక వైరింగ్ చూసే కుర్రాడు వరండాలో నా దగ్గరికొచ్చి అన్నాడు: "మేడమ్, ముందు సారు వారానికొకసారి అడగతా ఉండె. మీ క్లాసుకి పోయొచ్చినాక దినామూ అడగతా ఉండారు. మేము పని ఎప్పుడు చేసేది?"

ఆ మేనేజర్ గారి తప్పేమీ లేదు. మేం చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎజైల్‌లో స్క్రమ్ అనేది ఒక పద్ధతి. అందులో డైలీ స్క్రమ్ అనే ఈ రోజువారీ మీటింగ్, పని చేసేవాళ్లు తమలో తాము మాట్లాడుకుని ఆ రోజు దారి సరిచేసుకోవడానికే తప్ప, పైవాళ్లకి లెక్క చెప్పడానికి కాదు. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, అడ్డేమిటి అనే మూడు ప్రశ్నలను 2020 నవంబరులో స్క్రమ్‌కి మూలమైన స్క్రమ్ గైడ్‌ని సవరించినప్పుడు తీసేశారు కూడా. మేం మాత్రం ఆ మూడింటినే పెద్దక్షరాల్లో ముద్రించి, లామినేట్ చేయించి, ప్రతి ఒక్కరి చేతిలో పెట్టి పంపాం. ఆ కార్డు ఆ గోడ మీద అంటించి ఉంది. దాని కింద మా ఫోన్ నంబరు.

19 చోట్లలో ఎనిమిది ఇలాగే ఉన్నాయి. ఐదు చోట్ల మూడు నెలలకే బోర్డు తీసేసి పాత పద్ధతికి వెళ్లిపోయారు. ఆరు చోట్ల మాత్రం పని నిజంగా తేలికైంది. ఆ ఆరుగురూ మేం చెప్పిన వాటిలో ఒకటో రెండో మాత్రమే తీసుకుని, తమ పాత ప్లానుని, పాత డైరీని వదలకుండా పక్కనే ఉంచుకున్నవాళ్లు. అంటే మా మాట పూర్తిగా విననివాళ్లే బాగుపడ్డారు. ఇది మింగుడుపడడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బెంగళూరులో 14 ఏళ్లు ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేసి వచ్చినదాన్ని నేను. అయినా క్లాసులో మొదటి గంటంతా పాత పద్ధతిని చెడగొట్టి చూపించడానికే వాడేదాన్ని. వాటర్‌ఫాల్ (ఒక దశ పూర్తిగా అయ్యాకే తర్వాతి దశ) అంటే పొరపాటు, గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని గీతలతో చూపే పట్టిక) అంటే భ్రమ అన్నట్టు మాట్లాడేదాన్ని. నిజానికి వాటర్‌ఫాల్ బొమ్మకి మూలమని అందరూ చూపించే 1970 నాటి పేపర్‌లోనే, దాన్ని రాసిన విన్‌స్టన్ రాయిస్, ఇలా ఒక్క దఫాలో పైనుంచి కిందికి దిగిపోవడం ప్రమాదమని హెచ్చరించాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని రాసిన ఎజైల్ మేనిఫెస్టో అనే ప్రకటనలో కూడా, ప్లాను ప్రకారం నడవడం కన్నా మార్పుకి తగ్గట్టు మారడానికి ఎక్కువ విలువిస్తాం అన్న తర్వాత, మొదటిదానికి విలువ లేదని కాదు అనే వాక్యం ఉంది. మా స్లైడులో ఆ మేనిఫెస్టోలోని ఇలాంటి నాలుగు పోలికలూ పెట్టాం, ఆ చివరి వాక్యం పెట్టలేదు. ఇరవై ఏళ్లు ప్లాన్లు వేసి పనులు గట్టెక్కించిన మనిషికి ఆ ఒక్క వాక్యం ఎంత ముఖ్యమో నాకు తట్టనే లేదు.

చంద్రగిరి వైపు అపార్ట్‌మెంట్లు కట్టే ఇంజనీరు గారి విషయంలో చేసిన పొరపాటు ఇంకా పెద్దది. ఆయనకీ సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పినట్టే రెండు వారాల స్ప్రింట్లు, అంటే రెండేసి వారాలకి కొంత పని పూర్తిచేసి చూపించి అభిప్రాయం తీసుకోవడం చెప్పాం. సెంట్రింగ్ కొట్టి, కడ్డీలు కట్టి, స్లాబ్ పోసేశాక కస్టమర్ అభిప్రాయం విని మార్చడానికి ఏముంటుంది? ఆయన మర్యాదస్తుడు, క్లాసులో తలూపారు, సైటుకి వెళ్లి మానేశారు. కట్టడాల కోసమే వేరే దారి ఉంది. గ్లెన్ బల్లార్డ్ రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి అది. బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ కలిసి 1997లో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. లాస్ట్ ప్లానర్ అంటే కూలీల చేతికి పని అప్పగించే ఆఖరి మనిషి. మన దగ్గర మేస్త్రీ. వచ్చే వారం ఏ పని అవుతుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లు రాయకుండా మేస్త్రీ చేతే మాట ఇప్పించాలి. ఇసుక, కడ్డీ, అనుమతి, మనుషులు అన్నీ సిద్ధంగా ఉన్న పనికే ఆయన మాట ఇవ్వాలి. వారం చివర ఇచ్చిన మాటల్లో ఎన్ని నిలబడ్డాయో లెక్కపెట్టాలి, నిలబడనివి ఎందుకు నిలబడలేదో రాసుకోవాలి. ఫిబ్రవరిలో ఆ సైటులోనే ఒక శనివారం సాయంత్రం నలుగురు మేస్త్రీలను కూర్చోబెట్టి ఇది చేశాం. మొదటి వారం 14 మాటల్లో నిలబడింది ఐదు. తప్పినవాటిలో ఆరింటికి కారణం ఒక్కటే, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ రాలేదు. ఆ సంగతి మేస్త్రీలందరికీ తెలుసు, అంతకుముందు వాళ్లను అడిగినవాళ్లు లేరు.

రేణిగుంట బోర్డు దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఎక్కువమందికి పనికొచ్చేది అక్కడే ఉంది. జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో ట్రాక్టర్లు బారులు తీరి ఉండడం మనందరం చూసేదే. గేటు ముందు 60 ట్రాక్టర్లున్నాయి, లోపల గంటకి 5 దింపుతున్నారు అనుకోండి. చివరి ట్రాక్టరుకి 12 గంటలు పడుతుంది. ఇంకో 30 వచ్చి చేరితే ఫ్యాక్టరీ వేగం పెరగదు, ఎదురుచూపు పెరుగుతుంది, కాయ మెత్తబడుతుంది. 1961లో జాన్ లిటిల్ గణితంతో రుజువు చేసిన సూత్రం ఇదే. లైన్లో ఉన్నవాటిని పూర్తయ్యే వేగంతో భాగిస్తే సగటున పట్టే కాలం వస్తుంది. ఆ యూనిట్‌లో మొదలుపెట్టినవి 34, వారానికి పూర్తయ్యేవి సుమారు 3. అంటే ఒక్కో పనికి 11 వారాల పైమాటే. మేనేజర్ గారితో కలిసి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఖాళీగా కనిపిస్తే ఓనరు ఏమనుకుంటారో అని అందరికీ రెండేసి, మూడేసి పనులు ఇచ్చినాను మేడమ్" అన్నారు.

జరుగుతున్న గడికి 9 చీటీలే అని గీత గీశాం. మిగతా 25 చీటీలను తీసేయలేదు, వెనక్కి, చేయాల్సిన గడిలోకి పంపాం. కొత్తది లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. మొదటి పది రోజులు గొడవలే. డిజైన్ కుర్రాళ్లు పని లేక కూర్చున్నారు, ప్యానెల్ టెస్టింగ్ దగ్గర మాత్రం కుప్ప పడి ఉంది. ఉన్న ఇద్దరు టెస్టర్లలో ఒకరిని వారంలో మూడు రోజులు సైట్లకి పంపేస్తున్నారని అప్పుడు బయటపడింది. మే మొదటి వారం నాటికి అదే తొమ్మిది మంది వారానికి 4 పూర్తిచేస్తున్నారు, ఒక్కో పని మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో గేటు దాటుతోంది. పొద్దున మీటింగ్ 12 నిమిషాలు. మేనేజర్ గారు బోర్డుకి అవతల, అందరి వెనకాల నిలబడుతున్నారు.

లీన్ మూలం టయోటా కార్ల ఫ్యాక్టరీ కాబట్టి అది మనకెందుకు అనేవాళ్లు ఉంటారు. నగరిలో మరమగ్గాలు నడిపే ఒకాయనకి ఆ సందేహమే రాలేదు. పోగు తెగగానే మగ్గం తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు టయోటా గ్రూపు స్థాపకుడు సకిచి టొయోడా చేశాడని, టయోటా పద్ధతికి పునాదుల్లో అదొకటని చెప్పగానే, "తెగిన పోగుతో నేసిన గుడ్డ ఎవురు కొంటారు?" అన్నారు. తప్పు కనబడ్డ చోటే ఆపాలని ఆయనకి ఇంకో స్లైడు చూపించాల్సిన పని లేకపోయింది.

ఇవన్నిటికన్నా నన్ను ఎక్కువ కదిలించిన మాట ఒకటుంది. 52 ఏళ్ల ప్రాజెక్ట్ మేనేజర్ గారు ఒకరు, రెండో రోజు క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, టీ కప్పు చేతిలో పట్టుకుని అడిగారు: "అమ్మా, స్క్రమ్‌లో ప్రాడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు, అంతే కదా. నేనెక్కడుండాను అందులో?" ఏం తయారుచేయాలో, ఏది ముందో తేల్చే మనిషి ప్రాడక్ట్ ఓనర్, టీమ్ స్క్రమ్ పద్ధతిలో నడిచేలా సాయపడే మనిషి స్క్రమ్ మాస్టర్, పని చేసేవాళ్లు డెవలపర్లు. స్క్రమ్ మాస్టర్ అవుతారు సార్ అని చటుక్కున చెప్పేశాను. అది జవాబు కాదు. కాంట్రాక్టు ఎవరు చూస్తారు, వెండర్ బిల్లులు ఎవరు పాస్ చేస్తారు, కస్టమర్ కోపంగా ఫోన్ చేస్తే ఎవరెత్తాలి? ఈ ఫిబ్రవరిలో ఆయన ఇంటికెళ్లి మళ్లీ కూర్చున్నాను. ఒక వారంలో ఆయన చేసే పనులన్నీ వరుసగా రాయించాను. 31 తేలాయి. అందులో 12 టీమ్‌కి వదిలేయొచ్చు: ఎవరికి ఏ పని, ఏ పనికి ఎన్ని గంటలు, ఎవరు ముందు లాంటివి. 7 ప్రాడక్ట్ ఓనర్‌వి. మిగిలిన 12 ఆయనే చేయాలి, ఆయన తప్ప చేసేవాళ్లు లేరు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. జూన్ నుంచి మా మొదటి వారం పాఠం ఈ కాగితమే.

ఇక మార్పుల సంగతి. రెండు రోజుల క్లాసు ఇక ఉండదు. ఎనిమిది వారాలు, శనివారాలు మధ్యాహ్నం దాకా, బ్యాచ్‌కి ఎనిమిది మందే. ప్రతి ఒక్కరూ ప్రస్తుతం నడుస్తున్న ఒక నిజమైన ప్రాజెక్టుతో రావాలి. మొదటి రెండు వారాలు కొత్తదేదీ మొదలుపెట్టించం, ఉన్న పని ఎలా కదులుతోందో చూసి లెక్కపెట్టడమే. మీ పని చోటుకి నేను రెండుసార్లు వస్తాను. మీకు స్ప్రింట్లు అక్కర్లేదనిపిస్తే అక్కర్లేదనే చెప్తాను. పరీక్షల కోసం కోచింగ్ మానేస్తున్నాం. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే సర్టిఫికెట్) పరీక్షలో 2021 జనవరి నుంచి చాలా ప్రశ్నలు ఎజైల్, హైబ్రిడ్ (పాతదీ ఎజైలూ కలిపిన) పద్ధతుల మీదే అడుగుతున్నారు కాబట్టి దానికి గిరాకీ ఉంది, మా ఆదాయంలో మూడోవంతు దానిదే. కానీ కోచింగూ, పని నేర్పడమూ రెండూ చేస్తే పని నేర్పడానికి న్యాయం చేయలేనని ఈ రెండేళ్లలో తెలిసింది.

ఫీజు 9,500 రూపాయల నుంచి 24,000 అవుతోంది. ఇది చాలామందికి భారమని తెలుసు, కంపెనీ కట్టకుండా సొంత డబ్బుతో వచ్చేవాళ్లు మూడు విడతల్లో కట్టొచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి ఎయిర్ బైపాస్ రోడ్డులోని పెద్ద హాలు వదిలేసి కొర్లగుంటలో ఒక గదిలోకి మారుతున్నాం. ఏసీ లేదు, గోడలు మాత్రం బోర్డులకి సరిపడా ఉన్నాయి.

ఇప్పటికే నేర్చుకుని వెళ్లినవాళ్లకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎక్కడున్నా సరే, అక్టోబరు లోపు ఒకసారి వచ్చి ఒక పూట మీ బోర్డు ముందు కూర్చుంటాను. దీనికి డబ్బులేమీ వద్దు. మార్చిలో ఆగిన పదకొండు మందికి పాత ఫీజే, సీటు కూడా ముందు మీకే. పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు జూన్, జూలైల్లో ఊపిరి సలపకుండా ఉంటారు కాబట్టి వాళ్ల కోసం ఆగస్టు చివర వేరే బ్యాచ్ పెడుతున్నాం.

జూన్ రెండో శనివారం మొదలు. వచ్చేటప్పుడు మీ ప్రాజెక్టు ప్లాను ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే తీసుకురండి, ఎక్సెల్ షీటైనా, డైరీ అయినా, గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్నదైనా సరే. దాన్ని పక్కన పెట్టమని ఈసారి అడగను. ఆ మూడు ప్రశ్నల కార్డు మీ గోడ మీద ఇంకా ఉంటే మాత్రం దయచేసి తీసేయండి.