మంత్రివర్యులకు బహిరంగ లేఖ: చేపల గదికి కరెంటు ఇప్పించండి

గౌరవనీయులైన మంత్రివర్యులకు, హనుమకొండ నుంచి ఒక ఔషధశాస్త్ర పరిశోధక విద్యార్థిని నమస్కరించి వ్రాయునది.

మా కళాశాలలోని జీబ్రాచేపల పరిశోధనశాల గురించి తమకు కొత్తగా విన్నవించవలసిన పని లేదు. దాని మంజూరు ఉత్తర్వు తమ శాఖ నుంచే వచ్చింది. గుమ్మం పక్కన శిలాఫలకం మీద పెద్దల పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. జనరేటరు, ఏటేటా నిర్వహణ గ్రాంటు వెంటనే వస్తాయని ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ప్రకటించారు. అప్పటి నుంచి మేము అర్జీలు పెడుతూనే ఉన్నాము. శాఖకు పెడితే జిల్లా అధికారులను కలవమన్నారు, జిల్లా అధికారులు దానిని మళ్లీ శాఖకే పంపారు. అర్జీ తిరిగి తిరిగి బయలుదేరిన బల్ల మీదికే చేరింది కనుక నలుగురూ చూసేలా ఈ లేఖ రాస్తున్నాను.

క్యాన్సర్ గడ్డ కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకోలేకపోతే ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. ఆ ఆలోచన నుంచి వచ్చిన బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే ఆ కోవ మందులు రక్తపోటు పెంచుతాయి, కొందరిలో రక్తస్రావానికి దారితీస్తాయి. అందువల్ల ఇంకా మంచి మందు కోసం వెతకడం ఎక్కడా ఆగలేదు. కొత్త పదార్థాల తొలి వడపోతకు ఈ జీబ్రాచేప పిండం ఎంతో అనువైనది. అది తల్లి కడుపులో కాక నీళ్లలో, మన కళ్లముందే పెరుగుతుంది, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. మేము పెంచే రకంలో రక్తనాళాల గోడలు సూక్ష్మదర్శిని కింద ఆకుపచ్చగా వెలుగుతాయి. ఒక్కరోజుకే గుండె కొట్టుకుంటుంది, రెండో రోజుకల్లా బృహద్ధమని నుంచి వీపు వైపు సన్నని నాళాలు వరుసగా పైకి పాకుతాయి. 96 గుంటల పళ్లెంలో గుంటకొక పిండాన్ని ఉంచి, పరీక్షించవలసిన పదార్థాన్ని రవ్వంత కలిపితే, ఆ పచ్చగీతలు పైదాకా వెళ్లాయో సగంలో ఆగాయో మరునాడు తెలిసిపోతుంది. గీతలు ఆగినంత మాత్రాన సంబరపడకూడదు. గుండె చుట్టూ నీరు చేరి, తోక వంకరపోయి ఉంటే అది మందు కాదు, విషం. ఆ రెంటినీ ఒకే చూపులో విడదీయగలగడమే ఈ చేపతో ఉన్న సౌలభ్యం. 2007లో ఒక బృందం ఈ పద్ధతిలోనే 1280 రసాయనాలను పరీక్షిస్తే, నీలిమందుకు దగ్గరి చుట్టమైన ఇండిరుబిన్ నుంచి తయారైన పదార్థమొకటి నాళాలను ఆపగలదని బయటపడింది. మా రసాయనశాస్త్ర మిత్రులు తయారుచేసిన కొత్త పదార్థాలు, ఏటూరునాగారం వైపు మొక్కల నుంచి తీసిన సారాలు ఇక్కడ ఫ్రిజ్‌లో వరుస కట్టి ఉన్నాయి.

ఇంత పనీ ఆగింది కరెంటు దగ్గర, మంత్రివర్యా! ఈ చేపలకు నీరు 28 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో వరంగల్ ఎండ ఎంతో తమకు నేను చెప్పాలా? కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, నీటిని తిప్పే పంపు ఆగుతుంది. ఆ వెనుక ఫిల్టరులో మలినాలను తినే సూక్ష్మజీవులు చచ్చి, నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. పద్నాలుగు గంటల వెలుతురు, పది గంటల చీకటి తప్పకుండా అందితేనే ఈ చేపలు తెల్లవారి దీపం వెలగగానే గుడ్లు పెడతాయి. అర్ధరాత్రి కరెంటు వచ్చిపోయినప్పుడల్లా దీపాలు వెలిగి ఆరుతుంటే, పొద్దున తొట్టి అడుగున జల్లెడ కింద ఒక్క గుడ్డూ కనిపించదు. ఉన్న యూపీఎస్ కంప్యూటరుకే చాలదు. రంగుచేపల దుకాణంలో దొరికే బ్యాటరీ గాలిపంపులు సొంత డబ్బుతో కొనుక్కుని, వంతులవారీగా ఆ గదిలోనే పడుకుంటున్నాము. తొట్లు కడిగే కాంట్రాక్టు ఉద్యోగి జీతం బిల్లుకు టోకెన్ పడింది, డబ్బు మాత్రం పడలేదు.

పోయిన వేసవిలో ఒక రాత్రి గాలిపంపులు కూడా చేతులెత్తేశాయి. తెల్లవారేసరికి పచ్చనాళాల చేపల్లో చాలా భాగం వెల్లకిలా తేలాయి. అవి టెండరు పిలిచి కొనే సరుకు కావు, మరో పరిశోధనశాల వారు మామీద నమ్మకంతో ఇచ్చినవి. మిగిలిన కొద్దిపాటి చేపల నుంచి కొత్త తరాన్ని పెంచి గుడ్లు పెట్టించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈ మాట చెప్పుకుంటే, తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఉచిత చేపపిల్లల పథకానికి దరఖాస్తు చేసుకోమని సలహా ఇచ్చారు. ఆ పథకంలో చెరువుల్లో వదలడానికి బొచ్చె, రవ్వులు ఇస్తారు. వారి సలహాకు మా ధన్యవాదాలు.

హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా అని తమ సిబ్బంది అనవచ్చు. వయసు గంటల్లో లెక్కించే పిండాలను కాజీపేటలో రైలెక్కించలేము. ప్రతి పదార్థానికీ ఇతరుల ప్రయోగశాల ముందు వరుసలో నిలబడలేము. గంగా, బ్రహ్మపుత్రల పరీవాహకంలో వాగుల్లో, వరిచేలల్లో తిరిగే మన చేప ప్రయోగశాలకు పనికివస్తుందని అమెరికాలోని ఒరెగాన్‌లో కూర్చున్న శాస్త్రవేత్త జార్జ్ స్ట్రైసింగర్ 1981లోనే లోకానికి చూపించారు. మన పని మాత్రం ఇప్పటికీ జనరేటరు దగ్గరే ఆగింది.

జనరేటరు ఇప్పించండి, నిర్వహణ గ్రాంటు విడుదల చేయించండి, ఆ ఉద్యోగి జీతం ఇప్పించండి. అన్నీ కుదరకపోతే ముందు జనరేటరు ఇప్పించండి. మార్చి దాటాక వచ్చే జనరేటరు ఈ చేపలకు అక్కరకు రాదు. అదీ కష్టమైతే, మా ఫైలు ప్రస్తుతం ఎవరి బల్ల మీద ఉన్నదో తెలుపుతూ ఒక్క ముక్క జవాబైనా ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
తోటి పరిశోధక విద్యార్థుల తరఫున,
హనుమకొండ.