మీద పడే పుంజు గురించి

పెరటి కోళ్ల గ్రూపు సభ్యులకు నమస్కారం. పుంజు మనుషుల మీదికి ఎగురుతోందని చాలామంది అడుగుతున్నారు. దయచేసి దాన్ని కర్రతో కొట్టకండి, తన్నకండి. పోటీకొచ్చిన ఇంకో పుంజు అనుకుని మరింత రెచ్చిపోతుంది. పారిపోతే గెలిచాననుకుంటుంది. కదలకుండా నిలబడండి, అది తగ్గాక మీ పని చూసుకోండి. చేతికి చిక్కితే రెక్కలు అదిమి చంకలో పెట్టుకుని కాసేపు తిరగండి. చాలా పుంజులు ఇలా మెత్తబడతాయి.

ఒక పుంజుకి 8–10 పెట్టలుండాలి. నాలుగు పెట్టలకి రెండు పుంజులుంటే గొడవ ఆగదు, ఒకదాన్ని వేరు చెయ్యండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం రాజీ వద్దు. అది ఎగిరితే కాలి ముల్లు సరిగ్గా వాళ్ల కళ్ల ఎత్తుకి వస్తుంది. పిల్లలు పెరట్లో ఉన్నంతసేపూ పుంజుని గంప కింద మూయండి. గాయమైతే సబ్బుతో బాగా కడిగి, టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగండి.