రాయితీ కాదు, పన్ను

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి కార్డినల్ వూల్జీ మీద వచ్చిన వ్యాసం చదివి, మీరే సవరణ వేస్తారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను.

‘1514లో ప్రజలకు కొత్త రాయితీ’ అని ఉపశీర్షిక పెట్టారు. ఆ కాలంలో సబ్సిడీ అంటే పార్లమెంటు ఆమోదంతో జనం రాజుకు కట్టే పన్ను. ముక్కుపిండి వసూలు చేసిన సొమ్మును మీరు పందేరం చేసేశారు! అసలు కథంతా ఆ మాటలోనే ఉంది. 1334లో ఊరూరికీ ఇంత అని ఖరారు చేసిన మొత్తాన్నే దాదాపు రెండు శతాబ్దాలు వసూలు చేశారు. ఊరు బలిసినా, చితికినా ఇంచుమించు అదే లెక్క. వూల్జీ హయాంలో వచ్చిన సబ్సిడీ మనిషిని చూసింది. ప్రమాణం చేసిన అధికారులు భూమి రాబడి, సరుకు, కూలి విడివిడిగా లెక్కగట్టి, ఎందులో ఎక్కువ పన్ను వస్తే దాని మీద వేశారు. ముప్పై ఏళ్లు పన్నుల దస్త్రాల్లో తల దూర్చిన నాకు అదెంత పనో తెలుసు.

హాంప్టన్ కోర్టు భవనానికి, కార్డినల్ అనే మతపదవికి గుర్తైన ఎర్ర టోపీకి అర పేజీ ఇచ్చి, రాజుగారి సలహామండలి కోర్టు స్టార్ చాంబర్‌ను రెండు వాక్యాల్లో తేల్చేశారు. 1515లో చాన్సలర్ (రాజ్యంలో పెద్ద న్యాయాధికారి) అయిన ఈ మాంసం వ్యాపారి కొడుకు, మరుసటి ఏడే నార్తంబర్లాండ్ ఎర్ల్ అనే పెద్ద ప్రభువును ఫ్లీట్ జైలుకు పంపాడు. 1517లో, గొర్రెల కోసం పొలాలకు కంచెలు వేసి ఊళ్లు ఖాళీ చేయించిన భూస్వాములపై విచారణ వేయించాడు. వీటికి మీకు చోటు దొరకలేదు.

ఆయన పుణ్యాత్ముడని నేననడం లేదు. 1523లో 8 లక్షల పౌండ్లు కావాలని కామన్స్ సభకు స్వయంగా వెళ్లి అడిగితే సభ్యులు పెదవి విప్పలేదు. రెండేళ్లకు పార్లమెంటు ఊసే లేకుండా, మతాధికారుల నుంచి మూడో వంతు, మిగతావారి నుంచి ఆరో వంతు దాకా అడిగాడు. దాని పేరు ‘స్నేహపూర్వక కానుక’. మీ రచయిత ఆ పేరు నమ్మి ‘ప్రజలు అభిమానంతో ఇచ్చారు’ అని రాశారు. లావెన్‌హామ్ పట్టణంలో నేతపనివారు తిరగబడింది అభిమానంతోనేనా? రాజుగారేమో తనకు తెలియనే తెలియదన్నారు. పైవారికి ఏమీ తెలియకపోవడం, కింద సంతకం పెట్టినవాడే దొరకడం నా ఉద్యోగంలోనూ చూశాను.

ఒకప్పుడు మీ పత్రికలో ఒత్తు తప్పితే మర్నాడు సవరణ వచ్చేది. ఇప్పుడు ప్రూఫులు ఎవరు దిద్దుతున్నారో, అసలు దిద్దుతున్నారో లేదో! ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగు ఎలాగూ చదవలేకపోతున్నాం, మీరూ ఆ దారే పట్టారా?

మా మనవరాలు మీ వ్యాసం కత్తిరించి బడి పుస్తకంలో అతికించింది. ‘రాయితీ’ కొట్టేసి ‘పన్ను’ అని నేను ఎర్ర సిరాతో దిద్దాను. పత్రికలో ఉన్నదే ఒప్పని టీచరు ఒక మార్కు కోశారు. సవరణ వేస్తే ఆ ముక్క కూడా అతికిస్తాం.

– విశ్రాంత పన్నుల ఉద్యోగి, రాజమహేంద్రవరం