ఎర్ర మూత, ఆరెంజ్ మూత: మా కర్రోడిని నిలబెట్టిన వాళ్లకు

మా కర్రోడు కొత్త ఇన్సులిన్‌కు మారి ఈ రోజుకు 42 రోజులు. రాత్రి కుట్టు మిషన్ ఆపి తలెత్తితే కిటికీ గట్టు మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. రెండు నెలల కిందట ఆ గట్టు ఎక్కడానికి వాడికి కాళ్లలో సత్తువ లేదు. ఎవరెవరికి దండం పెట్టుకోవాలో ఈ రోజే రాసేద్దామని కూర్చున్నాను. ఎదురుగా నిలబడి చెప్పబోతే నాకు గొంతు పూడుకుపోతుంది.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, కర్రోడు మా పిల్లి. ఒళ్లంతా కర్రిగా ఉంటాడని ఆ పేరు. 11 ఏళ్ల కిందట తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందు కాలువ పక్కన, కళ్లు కూడా తెరవని కూనగా దొరికాడు. పోయినేడు ఉన్నట్టుండి బకెట్లో నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. తాగిందంతా పోసేవాడు. తిండి బాగానే తింటున్నా 6 కిలోలవాడు 5 కిలోల లోపుకు వచ్చేశాడు. నడిచేటప్పుడు వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించేవాడు. ముసలితనం అనుకున్నాం. మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తే షుగర్ అన్నారు. ఆ నడక కూడా షుగర్ నరాల మీద పడడం వల్లేనట.

అప్పుడు మొదలుపెట్టింది పశువులకని చేసే ఇన్సులిన్, పంది నుంచి తీసేది. పాల రంగులో ఉంటుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పొద్దున 7కు 2 యూనిట్లు, రాత్రి 7కు 2 యూనిట్లు. తిరుపతిలో దొరక్కపోతే నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకమ్మ తమ్ముడు చెన్నై నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చిచ్చేవాడు. ఒక నెల చెన్నైలో కూడా స్టాక్ లేదన్నారు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. ఆ అబ్బాయి తన సెలవు రోజంతా మందుల షాపులు తిరిగి సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, ఎక్కడా లేదు, ఏమనుకోవద్దు" అన్నాడు. ఏమనుకోవాలి తమ్ముడూ! నీకు ఏమీ కాని పిల్లి కోసం చెప్పులు అరిగేలా తిరిగావు. నీకు నా మొదటి దండం.

వయల్ అడుగున మిగిలింది నాలుగైదు రోజుల మందు. అది పట్టుకుని కాలేజీ ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరమ్మ నా టెన్షన్ చూసి కుర్చీలో కూర్చోబెట్టి, మనుషులకు వాడే గ్లార్జిన్ ఇన్సులిన్‌తో పిల్లుల్ని చూసుకోవచ్చని, నిజానికి చాలా పిల్లులకు అదే బాగా సరిపోతుందని చెప్పారు. పంది ఇన్సులిన్ కుక్క ఇన్సులిన్‌తో అచ్చంగా ఒకటే, పిల్లిది ఆవు ఇన్సులిన్‌కు దగ్గర అని అప్పుడే తెలిసింది. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది. సీసాలో పుల్లటి గుణంతో ఉండి, చర్మం కిందికి పోగానే సన్నటి రేణువులుగా మారి, అవి మెల్లగా కరుగుతూ గంటల తరబడి పని చేస్తుందట. అందుకే అందులో నీళ్లు గానీ వేరే ఇన్సులిన్ గానీ కలపకూడదని గట్టిగా చెప్పారు. పాత డోసునే కొత్త మందుకు పెట్టకూడదని 1 యూనిట్‌తో మొదలుపెట్టించారు. "వారం దాకా షుగర్ దిగలేదని మీరు కంగారుపడి పెంచొద్దమ్మా" అని చీటీ మీద అడ్డగీత గీసి మరీ చెప్పారు. పెరుగన్నం మాన్పించారు. అది వాడికీ నాకూ ఇద్దరికీ కష్టమైంది. మీరు ఇచ్చిన ఆ అరగంట విలువ నాకు తెలుసు డాక్టరమ్మా, బయట ఆవులు, దూడలు, కుక్కపిల్లలతో ఎంతమంది కాచుకుని ఉన్నారో చూశాను కదా.

ఇక మా వీధి చివర మెడికల్ షాపు అన్న గురించి. ఇది రాయడానికే అసలు కూర్చున్నాను.

చీటీ చూపిస్తే ఫ్రిజ్‌లోంచి గ్లార్జిన్ కార్ట్‌రిడ్జ్ తీసి ఐసు ముక్కతో కవర్‌లో వేసిచ్చాడు. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. డబ్బులు తీసుకుని తర్వాతి మనిషిని చూసుకోవచ్చు. చూసుకోలేదు. "సిరంజీలు వద్దా అక్కా?" అన్నాడు. ఇంట్లో ఇంకా ప్యాకెట్లు ఉన్నాయన్నా అన్నాను. "మూత ఏ రంగు?" ఎర్రది అన్నాను. చేయి చాపి కవర్ వెనక్కి తీసేసుకున్నాడు.

బిల్లు వెనక రెండు సిరంజీల బొమ్మ వేశాడు. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు కొలత. ఆరెంజ్ మూతది 100 యూనిట్ల మందుకు. కొత్త మందు 100ది. చీటీలో ఉన్న 1 యూనిట్‌ను ఎర్ర మూత సిరంజిలో లాగితే లోపలికి పోయేది రెండున్నర. నా చేతికి అలవాటైన 2 గీతలు లాగి ఉంటే 5. ఐదు కిలోలు కూడా లేని ప్రాణానికి 5 యూనిట్లు! ఆ లెక్క చూశాక నా కాళ్లు వణికాయి. చీటీలో డాక్టరమ్మ 'యు-100 సిరంజి' అని రాసే ఉన్నారు. నేను అది మందు పేరులో భాగమనుకున్నాను. అంతటితో ఆగాడా అంటే అదీ లేదు. తన దగ్గరున్న 1 మి.లీ. సిరంజిలో గీతకు 2 యూనిట్లని, అది వద్దని, గీతకు 1 యూనిట్ ఉండే చిన్నది వెతికి తీశాడు. బ్లౌజుకు కాలు ఇంచి తేడా వస్తే విప్పి మళ్లీ కుట్టగలను. అన్నా, ఆ తేడా వచ్చి ఉంటే నేనేం విప్పగలిగేదాన్ని? నువ్వు అడిగిన ఆ ఒక్క మాటకు మా ఇంటిల్లిపాదీ నీకు రుణపడి ఉంటాం.

కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న కడప పాపకు. కొత్త మందు పని తీరు తెలియాలంటే 12 గంటలు, రెండేసి గంటలకొకసారి షుగర్ చూసి రాయాలి. చెవి అంచున రక్తం పారే సన్నటి నరం ఉంటుంది, దాని పక్కన పొడవాలి. నల్ల పిల్లికి నల్ల చెవి, నాకేం కనిపిస్తుంది? పాప ఇంటికొచ్చి, గోరువెచ్చటి గుడ్డ చెవికి అద్ది, వెనక నుంచి ఫోన్ లైటు వేసింది. ఎర్రటి దారం పోగులా నరం తేలింది. అంచుకు కాస్త వాజలీన్ రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకకుండా ముత్యంలా నిలబడుతుందని చూపించింది. చెవి వెనక దూది ఆనించి పట్టుకుంటే నా వేలికి గుచ్చుకోదు. మొదటి రోజు వాడు నా మణికట్టు గీరాడు. నాలుగో రోజుకు మిషన్ బల్ల మీద తనే వచ్చి పడుకుని చెవి ఇచ్చాడు. తర్వాత పెట్టే చికెన్ ముక్క కోసమే అనుకోండి, అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారం చివర చూసిన రోజు పొద్దున 7కు 338, మధ్యాహ్నం 1కి 214, 3కు 186, రాత్రి 7కు 291. మా అమ్మాయి లెక్కల నోటు వెనక పేజీల్లో ఇప్పటికీ ఉన్నాయి.

పన్నెండో రోజు రాత్రి 2 గంటలకు చూస్తే షుగర్ 68కి పడిపోయింది. పాపకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. "అక్కా, నడుస్తున్నాడా? పిలిస్తే చూస్తున్నాడా? తింటాడేమో పెట్టండి. తినకుండా తూలితే చిగుళ్లకు తేనె రాసి వెంటనే నాకు చెప్పండి" అంది. తిన్నాడు. 20 నిమిషాలకు 91, ఇంకో అరగంటకు 120. అప్పటిదాకా ఆ పిల్ల ఫోన్ పెట్టేయలేదు. పొద్దున డ్యూటీ ఉండి కూడా! తెల్లారాక డాక్టరమ్మకు చెప్తే ఆ పూట సూది ఆపించి, సాయంత్రం నుంచి అర యూనిట్‌కు తగ్గించారు.

పక్కింటి పెద్దమ్మను ఎలా మరిచిపోతాను. ఇరవై ఏళ్లుగా తనకు తనే సూది వేసుకుంటున్న మనిషి. మా ఫ్రిజ్ పాడైన మూడు రోజులు కర్రోడి మందు వాళ్ల ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంది. "ఫ్రీజర్‌కు ఆనించొద్దు మా, గడ్డ కట్టిన ఇన్సులిన్ పారబోయాల్సిందే" అని రోజూ గుర్తు చేసేది. నేను బట్టలు ఇవ్వడానికి చిత్తూరు పోయిన రోజు తనే వచ్చి వాడి పక్కన కూర్చుంది. ఏమిచ్చినా తీసుకోదు. పండక్కి జాకెట్ కుట్టిచ్చి కూలి తీసుకోలేదని ఇంకా అలిగి ఉంది.

ఈ వారం కర్రోడి బరువు 5 కిలోల 300. మడమలు పైకి లేచాయి. బకెట్ వైపు చూడడం లేదు.

ఎర్ర మూత సిరంజీలు సీలు తీయని రెండు ప్యాకెట్లు నా దగ్గర ఉన్నాయి. 40 యూనిట్ల వయల్ వాడేవాళ్లు ఎవరైనా మా ఇంటికొచ్చి ఊరికే తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు వయల్ చేత్తో పట్టుకురండి, దాని మీద అంకె ఇద్దరం చూసుకున్నాకే ఇస్తాను.