సొంత ఊరేదని అడిగితే

క్లాంగ్,
ఆగస్టు 25

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. మేమిద్దరం క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే మళ్ళీ నడకకి వెళ్తోంది. మెర్డెకా, అదే మన స్వాతంత్ర్య దినం, దగ్గర పడింది కదా, మన వీధిలో కార్లన్నిటికీ జెండాలు కట్టేశారు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. ఆఫీసులో "మీ సొంత ఊరేది?" అని అడిగారనీ, మలేషియా అంటే "అది సరే, అసలు ఊరు?" అని మళ్ళీ అడిగారనీ, ఏం చెప్పాలో తోచక శ్రీకాకుళం అనేశాననీ అన్నావు. వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది ఊరి పేరే. నువ్వు చెప్పిందీ అబద్ధం కాదు. కాకపోతే అది మా తాత ఊరు. మన ఊరు బాగన్ దాతో. ఇంకెవరైనా అడిగితే ఆ పేరే చెప్పు. వాళ్ళకి తెలియకపోతే పేరాక్ నది సముద్రంలో కలిసే చోటని చెప్పు. నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. తీరిగ్గా కూర్చుని చదువు.

మా తాత మేస్త్రీ మాట మీద బయల్దేరాడు. ఆ రోజుల్లో తోట దొర లైసెన్సు ఇచ్చి పంపితే మేస్త్రీ తన ఊరికే వెళ్ళి, చుట్టాల్నీ పక్కాల్నీ తెలిసినవాళ్ళనీ కూడగట్టుకుని వచ్చేవాడు. రైల్లో మద్రాసు, అక్కడ ఆవడి క్యాంపు, ఆ తర్వాత 'రజులా' ఓడ డెక్కు మీద పినాంగు. ఆ ఓడ 1926లో నీళ్ళలోకి దిగింది, 1973 దాకా ఈ దారినే తిరిగింది. మన వంశాల్లో సగం కథలు దాని డెక్కు మీదే మొదలయ్యాయి. పినాంగు పక్కన జెరెజాక్ దీవిలో కొన్నాళ్ళు క్వారంటీన్ అయ్యాకే తోటలోకి రానిచ్చారు.

మలయా అంటే అందరికీ రబ్బరే గుర్తొస్తుంది. మనది కొబ్బరి తోట. సముద్రపు గట్టు పొడుగునా అంతా కొబ్బరే. నాకు ఊహ తెలిసేసరికి మీ నాయనమ్మ కొప్రా కొట్టులో పని చేసేది. నేలలో పాతిన ఇనుప గునపానికి కాయను గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీసే మగవాళ్ళు ఒక వరస. ఒక్క కత్తి దెబ్బకి కాయ పగలగొట్టే ఆడవాళ్ళు ఇంకో వరస. కాయలోని నీళ్ళు కాళ్ళ కింద కాలవ కట్టేవి. చిప్పలు బోర్లించి భట్టీ మీద పరిస్తే, పెంకుల మంట మీద కొబ్బరి ఎండుతూ నూనె వాసన లేచేది. ఆవిడ చీరకి, జుట్టుకి, ఆఖరికి ఆవిడ కలిపి పెట్టే అన్నం ముద్దకి కూడా ఆ పొగ వాసన ఉండేది. అరిచేతుల్లో పీచు గీసుకున్న గీతలు ఆవిడ పోయేదాకా పోలేదు.

కూలీలుండే లైన్ల ఇళ్ళ చివర రామమందిరం. తెలుగువాళ్ళు ఉన్న తోటల్లో అది లేకుండా ఉండేది కాదు. శ్రీరామనవమికి పానకం మొదటి గ్లాసు ఎప్పుడూ ఆఫీసు కిరాణీకి, అంటే గుమాస్తాకి. ఆయన చైనావాడు. ఆయన ఇంటి నుంచి చైనా కొత్త సంవత్సరానికి మాకు కమలాపళ్ళ బుట్ట వచ్చేది. ఎవరూ నేర్పకుండానే జరిగిపోయే మర్యాదలివి.

జపాను రోజుల సంగతి తాత ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1941 డిసెంబరులో కోటబారులో దిగారు, ఫిబ్రవరి మధ్యకల్లా సింగపూరు పడిపోయింది. బియ్యం మాయమైంది, మూడున్నరేళ్ళు కర్రపెండలమే తిండి. అరటిగెల బొమ్మ వేసిన నోట్లు అచ్చు వేశారు. యుద్ధం అయ్యాక అవి పొయ్యి రాజేసుకోవడానికి పనికొచ్చాయి. తాత తమ్ముణ్ణి సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్, రైలు పనికి తీసుకుపోయారు. సయాం నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల దారి, అడవి కొట్టి 1943 అక్టోబరుకి పూర్తి చేయించారు. అక్కడ తెల్ల ఖైదీలు చచ్చిపోయారని లోకానికి తెలుసు, వాళ్ళకి వరసలు తీర్చిన సమాధులున్నాయి. మలయా తోటల నుంచి వెళ్ళిన తమిళ, తెలుగు, మలాయి, జావా కూలీలు వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది పోయారు. చిన్నతాత ఎక్కడ పడిపోయాడో ఈనాటికీ తెలియదు. ఆయన పేరు చెప్పి ఏటా సంక్రాంతికి పెద్దలకు పెట్టుకుంటాం, నువ్వు చూశావు.

ఈ నేల మీద ఇంత పోగొట్టుకున్నవాళ్ళం, దీన్ని పరాయి నేల అని ఎలా అంటాం?

1957 ఆగస్టు 31న స్టేడియంలో మన మొదటి ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ చెయ్యెత్తి ఏడుసార్లు "మెర్డెకా" అన్నప్పుడు నేనింకా పుట్టలేదు. కిరాణీ గారి రేడియో ముందు తోట తోటంతా నిలబడి విందని మా నాన్న చెప్పేవాడు. నేను పుట్టింది ఆ మరుసటి ఏడు. స్వతంత్ర దేశంలో పుట్టినవాడని నన్ను చూపించి మురిసిపోయేవాడు.

ఇక నీకు ఎప్పుడూ చెప్పని సంగతి. 1969లో మలాయిలకీ చైనావాళ్ళకీ జరిగిన గొడవల తర్వాత పౌరసత్వం లేనివాళ్ళకి వర్క్ పర్మిట్ ఉంటే తప్ప పని దొరకని రోజులొచ్చాయి. నీలం కార్డు ఉన్నవాళ్ళు ఈ దేశస్థులు, ఎర్ర కార్డు ఉన్నవాళ్ళు కాదు. మా తాత అదృష్టవంతుడు, కాగితాలన్నీ వేళకి కట్టి పెట్టుకున్నాడు. మా గోడకి ఆనుకుని ఉన్న పక్కింటి వాళ్ళకి ఆ కాగితాలు లేవు. వాళ్ళబ్బాయి నా ఈడువాడు. తోట బడిలో ఒకే బల్ల మీద అ ఆలు దిద్దాం, ఒకే సైకిలు మీద ఊరు తిరిగాం. సామాను మూటలు కట్టుకుని పినాంగు రేవుకి వెళ్ళి రజులా ఎక్కేశారు. అలా మూటలు కట్టుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వేలల్లో ఉన్నారు.

కొన్నాళ్ళకి వాడి దగ్గర్నుంచి నీలం రంగు ఎయిర్ లెటరు వచ్చింది. ఊళ్ళో వాళ్ళని "మలయా వోళ్ళు" అంటున్నారట. తాత వాటా పొలం ఎప్పుడో చేతులు మారిపోయింది. బడిలో పిల్లలు వాడి మాట విని నవ్వుతున్నారట, ఎందుకంటే వాడు మనలాగే మాటకి మాటకి చివర మలాయి 'లా' తగిలిస్తాడు. ఉత్తరం చివర వాడు అడిగినవి ఇవి: ఒక మైలో డబ్బా, మా ఇద్దరికీ ఇష్టమైన బంతాటగాళ్ళ బొమ్మలు, వాళ్ళమ్మకి ఎండు నెత్తళ్ళు. "ఇక్కడా నెత్తళ్ళు దొరుకుతాయి కానీ మన ఊరివి కావంటోంది అమ్మ" అని రాశాడు. ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో, తన పుట్టింటికి నాలుగు కోసుల దూరంలో కూర్చుని, బాగన్ దాతోని మన ఊరు అంది. అమ్మలూ, నీ ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు. మేం ఆ మూట కట్టి పంపాం. తర్వాత రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి, ఆ పైన రాలేదు.

నా తెలుగు బడి ఆరో తరగతితో అయిపోయింది. రిమూవ్ క్లాసులో ఒక ఏడాది మలాయి, ఇంగ్లీషు గట్టిగా నేర్చుకుని తెలుక్ ఇంతాన్‌లో పెద్ద బడికి వెళ్ళాను. అప్పటికి దాని పేరు తెలుక్ ఆన్సన్. నీ చిన్నప్పుడు ఒరిగిన గడియార స్తంభం కింద నిలబెట్టి ఫోటో తీశానే, ఆ ఊరే. 1885లో లియాంగ్ చూన్ చూంగ్ అనే చైనా గుత్తేదారు ఊరికి మంచినీళ్ళు నిలవ చేయడానికి కట్టించాడు దాన్ని. మెత్తని నేల కుంగి అలా ఒరిగింది. తోటల్లోని తెలుగు బడులు తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి, కొన్ని తమిళ బడుల్లో కలిసిపోయాయి. దీని గురించి నాకు ఇప్పటికీ బాధే.

అయితే మనం ఏమిటన్నది బడి ఒక్కటే నేర్పలేదు. ఊరందరి హాలు బలై రాయాలో నలుపు తెలుపు టీవీ ఉండేది. మలాయి సినిమా నటుడు, గాయకుడు పి. రామ్లీ సినిమా వస్తోందంటే మలాయి కంపుంగ్ (పల్లె) నుంచి, చైనా కొట్ల నుంచి, మా లైన్ల నుంచి చాపలు పట్టుకుని అందరం చేరేవాళ్ళం. ఆయన నవ్విస్తే ఒకేసారి నవ్వేవాళ్ళం. మీ నాయనమ్మకి మలాయి అంతంతమాత్రం, అయినా ఆయన పాటలు కొప్రా కొట్టులో కూనిరాగం తీసేది. ఆ సినిమాల వెనక మన దేశాంతరాల వాళ్ళే ఎంతమందో ఉన్నారు. 1950లో రామ్లీని మొదటిసారి హీరోగా పెట్టి తీసింది ఎల్. కృష్ణన్ అనే తమిళుడు. పినాంగులో పుట్టిన మహానుభావుడు రామ్లీ 1973 మేలో 44 ఏళ్ళకే పోయాడు. ఆ రోజు తోటలో ఎవరూ రేడియో కట్టలేదు. తాన్ శ్రీ బిరుదు ఆయన పోయిన పదిహేడేళ్ళకి గానీ రాలేదు. బతికుండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది అని నా కడుపు ఇప్పటికీ రగులుతుంది.

ఆ తర్వాత అలీక్యాట్స్ అనే పాటల బృందం వచ్చింది. పినాంగు తమిళ అన్నదమ్ములు డేవిడ్, లోగనాథన్ మలాయిలో పాడుతుంటే దేశమంతా వాళ్ళ పాటే. ఇంక గాయకుడు సుదిర్మాన్. 1986 ఏప్రిల్ 14న చౌకిట్ వీధినే వేదిక చేసి పాడాడు. నేనప్పుడు కౌలాలంపూరులో టీచరు ఉద్యోగంలో కొత్త. లక్షమంది దాకా వచ్చారు. నా ముందు ఒక మలాయి ముసలాయన మనవణ్ణి భుజాలెక్కించుకుని నిలబడ్డాడు, నా పక్కన బజారులో చేపలమ్మే చైనావిడ రబ్బరు బూట్లతోనే వచ్చేసింది. చిన్న మనిషి సుదిర్మాన్, దూరం నుంచి సరిగా కనపడలేదు కూడా. పాట ఎత్తుకోగానే ముగ్గురం గొంతు కలిపాం. పండగకి ఊరెళ్ళే దారిలో మన కారులో ప్రతిసారీ నేను పెట్టే పాట ఆయనదే, నీకు విసుగొచ్చినా సరే.

1992లో బాడ్మింటన్ థామస్ కప్ ఫైనలు మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లిముల టీ కొట్లో, చూశాను. ఇండోనేషియా మీద 3-2. పాతికేళ్ళ తర్వాత కప్పు మళ్ళీ మనకొచ్చింది. రషీద్ సిదెక్, అతని అన్నలు రజీఫ్, జలానీ, ఇటు ఫూ కోక్ కియోంగ్. మలాయి పిల్లలు, చైనా పిల్లలు ఒకే జెర్సీలో. గెలిచిన క్షణాన కొట్టువాడు తెతారిక్ టీ గ్లాసు వదిలేసి బల్ల ఎక్కాడు. ఎవరెవర్ని కౌగిలించుకున్నానో నాకు గుర్తులేదు.

ఇవన్నీ చెప్పి తెలుగుతనం వదులుకోమంటున్నానని అనుకోకు. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు ఎక్కడ జరిగాయో మీ ఆఫీసులో అడిగి చూడు. మన కౌలాలంపూరులో. మొదటివి హైదరాబాదులో, ఆ వెంటనే మన దగ్గర. అప్పటికి మన సంఘం పేరు ఇంకా ఆంధ్ర సంఘమే, రెండేళ్ళకి తెలుగు సంఘంగా మారింది. నేను వాలంటీరుగా వెళ్ళాను. తోటల నుంచి బస్సులు కట్టించుకుని వచ్చిన ముసలివాళ్ళు, వేదిక మీద అంత పెద్ద పెద్దవాళ్ళు తెలుగులో మాట్లాడుతుంటే కళ్ళు తుడుచుకుంటూ విన్నారు. తమిళులనుకుని జీవితమంతా పలకరింపులు అందుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ సభల నుంచి తిరిగొచ్చాకే నేను ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పడం మొదలుపెట్టాను. నువ్వూ ఆ చాప మీదే కూర్చుని నేర్చుకున్నావు.

నువ్వు "ఏటి", "ఎలగ" అంటే అక్కడ కొందరు చిత్రంగా చూస్తున్నారన్నావు. మార్చుకోకు. అది మీ నాయనమ్మ మాట. దానిలో మలాయి దొర్లితే దొర్లనీ. మన ఇంట్లో నెత్తళ్ళ సంబల్‌లో, ఆ మలాయి మిరపకారం పచ్చడిలో, ఆవపిండి పడినట్టే అదీను. అలాంటి సంబల్ శ్రీకాకుళంలోనూ ఉండదు, మలాయి ఇంట్లోనూ ఉండదు.

శ్రీకాకుళం చూడాలని ఉంటే తప్పకుండా వెళ్ళు. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకో, తాత మొక్కు ఒకటి తీరకుండా ఉండిపోయిందని మా నాన్న అనేవాడు, ఆయన పేరు మీద అర్చన చేయించు. చుట్టాలెవరైనా కనపడితే సంతోషంగా కలువు. మనకి అక్కడ ఇల్లు ఉండాలని, వాటా ఉండాలని మాత్రం వెతకొద్దు.

దీపావళికి టికెట్టు ఇప్పుడే కొనేయి, తర్వాత ధరలు పెరిగిపోతాయి. వచ్చేటప్పుడు గొంతు రికార్డు చేసే మంచి మైకు ఒకటి తీసుకురా. హుతాన్ మెలింతాంగ్‌లో మీ నాయనమ్మ చెల్లెలు ఉంది కదా, ఆవిడకి తొంభై దాటాయి, కొప్రా కొట్టులో వాళ్ళు కలిసి పాడుకున్న పాటలు ఇప్పటికీ వరస తప్పకుండా పాడుతుంది. నువ్వొస్తున్నావని చెప్పాను. పొద్దుటిపూట అయితేనే గొంతు లేస్తుందట, ముందు రోజు రాత్రే బయల్దేరి వెళ్దాం. మీ అమ్మ సంబల్ సీసా, పాండన్ ఆకులు కొరియర్ చేసింది, అందగానే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ నాన్న