ఫొటో బృందం వార్షిక నివేదిక: ఏడాదంతా చూరు కిందే

సభ్యులందరికీ నమస్కారం.

"మళ్ళీ గుళ్ళేనా?" అని నిరుటి సమావేశంలో అడిగినవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాం. అవును, మళ్ళీ గుళ్ళే. కాకపోతే ఈసారి గుడి మొత్తం తీయలేదు. చూరు కింద నిలబడి, మెడలు పట్టేసేదాకా పైకి చూసి తీశాం.

కొరియాలో బౌద్ధ ఆలయాల దూలాలకు, వాసాలకు వేసే రంగుల పనిని దాన్‌చంగ్ అంటారు. నీలం, తెలుపు, ఎరుపు, నలుపు నాలుగు దిక్కులకు, పసుపు నడిమికి గుర్తు. చెక్కకు చెమ్మ, పురుగు పట్టకుండా కూడా ఈ రంగులు పనికొస్తాయి. స్తంభాలు ఎర్రగా, చూరు కింద పచ్చగా ఉంటుంది. పైన్ చెట్టు మానూ కొమ్మలూ అలాగే ఉంటాయని ఒకరు చెప్పాక, మాకు ఏ గుడి చూసినా చెట్టే కనిపిస్తోంది. రాజభవనాల్లో ఎక్కువగా దూలాల కొసలకే నగిషీ ఉంటుంది. పెద్ద ఆలయాల ప్రధాన మందిరాల్లో అయితే జరీ చీరలా ఖాళీ లేకుండా నింపేస్తారు.

మొదటి ట్రిప్ సియోల్‌లోని బొంగున్సా ఆలయానికి. నిజం చెప్పాలంటే అది ఫెయిలే. వెనక ఆకాశం వెలిగిపోతోంది, చూరు బొగ్గులా వచ్చింది. వెలుతురు పెంచితే రంగు అంచున ఉండే సన్నటి తెల్ల గీత మాయమైపోయింది. ఆ గీతే ప్రాణం. లేత నుంచి ముదురుకు వెళ్ళే పట్టీలు, పక్కన తెల్ల గీత, దాని పక్కన నల్ల గీత. తెల్ల గీత పోతే పువ్వంతా అలికినట్టుంటుంది. ఇప్పుడు ఆ గీతకే మీటరింగ్ (కెమెరాలో వెలుతురు కొలత) పెడుతున్నాం.

ఇంకో పాఠం తలకిందులుగా నేర్చుకున్నాం. మిట్టమధ్యాహ్నం కెమెరా తీయొద్దని అందరూ చెబుతారు. కానీ ఇక్కడి చాలా గుళ్ళ ముంగిట లేత రంగు ఇసుక ఉంటుంది. నడినెత్తి ఎండ దాని మీద పడి పైకి కొడుతుంది, చూరు కిందంతా మెత్తటి వెలుతురు. గుండ్రటి వాసం కొసన గీసిన తామరపువ్వు రేకులు లెక్కపెట్టుకోవచ్చు. బుద్ధ జయంతి రోజుల్లో మాత్రం వద్దు. లాంతర్ల రంగు తెల్ల గీతకూ అంటుకుంటుంది.

దాన్‌చంగ్ పనితనాన్ని కొరియా ప్రభుత్వం 1972లోనే జాతీయ వారసత్వంగా గుర్తించింది. కాగితం మీద నమూనా గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, చెక్కకు ఆనించి తెల్ల పొడి మూటతో తడతారు. భీమవరం నుంచి వచ్చిన ఓ సభ్యురాలి అమ్మగారు అది చూసి, "మన రేకు ముగ్గే కదే ఇది!" అన్నారు. అంతకంటే బాగా మేమెవరం చెప్పలేకపోయాం.

అన్నీ నిలిచే రంగులు కావు. 2008లో తగలబడిన సియోల్ పాత నగర ద్వారం సుంగ్న్యేమున్‌ను 2013లో మళ్ళీ తెరిస్తే, కొన్ని నెలలకే రంగు పెచ్చులూడింది. అందుకే కొత్తగా మెరిసేదే కాకుండా వెలిసిపోయినదీ తీయమని సభ్యులకు చెబుతున్నాం. బుసక్సా ఆలయంలో రంగు పోయిన పాత చెక్క ముందు మావాళ్ళు గంటసేపు కదల్లేదు.

ఒక తప్పు కూడా రాయాలి. ఒక గుడిలో మనవాళ్ళలో ఒకరు ట్రైపాడ్‌ను రంగు వేసిన స్తంభానికి ఆనించారు. అక్కడి పెద్దావిడ పరుగున వచ్చి చీవాట్లు పెట్టారు. ఆమెదే న్యాయం. వంగి క్షమాపణ చెప్పాం. ఇకనుంచి గుడి ఆవరణలో ట్రైపాడ్ లేదు, లోపల ఫ్లాష్ లేదు. వద్దన్నచోట ఫోన్‌తో కూడా తీయకూడదు.

ఖర్చు దాదాపు అంతా బస్సు, భోజనాలే. 2023 మే నుంచి చోగ్యే అనే బౌద్ధ శాఖకు చెందిన చాలా ఆలయాల్లో టికెట్ ఎత్తేశారు కాబట్టి ఆ పద్దు ఖాళీ. లెక్కల కాగితం కోశాధికారి దగ్గరుంది.

వచ్చే ఏడాది నేసోసా ఆలయానికి వెళ్తున్నాం. అక్కడి మందిరం లోపల ఒక పక్షి వచ్చి రంగులు వేస్తుండగా ఎవరో తొంగిచూశారట, అది ఎగిరిపోయిందట, ఒక చోటు ఖాళీగా మిగిలిందట. ఆ ఖాళీ చూడాలనుకునేవాళ్ళు పేరు ఇవ్వండి. బస్సులో సీట్లు తక్కువ, టిఫిన్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.